మూడుకూ నాలుగుకూ నడుమ

దేవరకొండ రోడ్డు మీద ఐదంతస్తులు.
ముప్పై రెండు ఫ్లాట్లు, ఒక సంపు, రెండు బోర్లు.
అండ్ల ఒకటి మే నెల రాంగనే గాలి కక్కుతది.
సెల్లారుల మీటర్ల పక్కన
ప్లైవుడ్డు చెక్కలు కొట్టిన గది నా ఆఫీసు.
కొక్కానికి తాళాల గుత్తి.
ఏ తాళం ఎవరిదో కండ్లు మూసుకుని తడిమి చెప్త.
నా పేరేందో మాత్రం
ఆ ముప్పై రెండిండ్లల్ల ఒక్కరు చెప్పరు.

వాళ్ళ ఫోన్లల్ల నన్నెట్ల రాసుకున్నరో
అప్పుడొకటి అప్పుడొకటి కంటపడ్డది.
ఒకాయన దాంట్ల 'మోటరు'.
ఇంకొకరి దాంట్ల 'లిఫ్టు'.
రెండొందల ఐదు మేడం దాంట్ల 'నీళ్ళు'.
'మమ్మీ, నీళ్ళు ఫోన్ చేస్తున్నయి'
అనుకుంట పిలగాడు ఉరికిండు.
నవ్వాపుకున్న.
ఆ దినం నీళ్ళు రాలేదని చెప్పనీకే చేసిన.

కృష్ణా నీళ్ళు దినం తప్పి దినం, పొద్దుగాల ఐదున్నరకు.
బోరు నీళ్ళు కలిస్తే గీజర్లల్ల తెల్ల పెచ్చు కడతది.
నన్నడుగుతరు,
నల్లగొండ నేల కింద సున్నం నేనే పోసినట్టు.

నూటొకటిల అవ్వ
రాత్రి రెండింటికి బట్టలెందుకు ఉతుకుతదో నాకెరుకే.
చెప్ప.
మూడొందల మూడు సారుకు జీతం రాని నెల
లిఫ్టు ఎక్కడు, దిగడు.
వెనక మెట్లు దిగి బండి తీస్తడు,
మెయింటెనెన్సు అడుగుతనని.
ఆ టైముకు నేను
జనరేటరు దిక్కు మొఖం పెట్టి నిలబడ్త.
ఈ పని నా డ్యూటీ కాయిదంల లేదు.

ఆషాఢంల ఒక మాపటికి వాన.
కరెంటు పోయింది.
డీజిల్ బిల్లు మీద కమిటీ సంతకం ఇంకా కాలే.
లిఫ్టు మూడుకూ నాలుగుకూ నడుమ ఆగింది,
లోపల నాలుగొందల రెండు వాళ్ళ పిల్ల,
ఎనిమిదేండ్లది, కాళ్ళకు స్కేటింగు బూట్లు.
మెకానిక్కు నార్కట్‌పల్లి కాడ తడుస్తున్నడు.

తలుపు జరిపితే నాలుగు వేళ్ళ సందు.
అండ్లకెల్లి ఫోను లైటు వెట్టి మెట్ల మీద పండుకున్న.
కథలు రావు నాకు.
మా తండల లెక్క చెప్పిన:
ఏక్, ది, తీన్, చార్...
పిల్ల ఏడుసుకుంటనే అన్నది,
వందకొచ్చేసరికి ఏడుపు మరిచింది.
'అంకుల్, నీ పేరు?'
'హర్యా.'
'ఫుల్ నేమ్?'
'కేతావత్ హర్యా. మాకు ఇంటిపేరే ముందు.'
'మర్చిపోకుండ రాసుకుంట' అన్నది.
లోపల స్కెచ్చు పెన్ను కిర్రుకిర్రుమన్నది.

నలభై ఐదు నిమిషాలకు తలుపు తెరుసుకున్నది.
తల్లి పిల్లను గుంజుకుని
డీజిల్ గురించి నన్ను తిట్టింది.
తిట్టాల్సిందే.

మూడో దినం సెక్రటరీ సారు పిలిచిండు.
'స్టీలు గోడ ఖరాబు చేసిన్రు. రెండొందలు ఫైను.
కెమెరాల చూడు.'
'అప్పుడు కరెంటు లేదు సార్.'
కండ్లద్దాలు సవరించుకుని లిఫ్టుల తల వెట్టి చదివిండు.
'హర్యా ఎవడు? ఏ ఫ్లాటు?'

ఆరేండ్ల సంది ప్రతి ఒకటో తారీకు
ఆయన ముంగట నిలబడి లెక్క అప్పజెప్తున్న.
'కనుక్కుంట సార్' అన్న.

థిన్నరు, పాత బనీను గుడ్డ.
ఇంగ్లీషుల ఒక అక్షరం ఎక్కువే వెట్టింది పిల్ల.
ముందు ఆ ఎక్కువ అక్షరం తుడిచిన.
కొంచెం సేపు
నా పేరు సక్కగ ఉన్నది.
తర్వాత అదీ తుడిచిన.

రసీదు బుక్కు తీసిన.
ఇన్నేండ్లు కింద, వసూలు చేసినోని గీత మీద
గెలికిన సంతకం నాది.
ఇయ్యాల పైన, గుండ్రంగ:
శ్రీ కేతావత్ హర్యా గారి నుండి
రెండు వందల రూపాయలు మాత్రమే.

ఫ్లాటు నంబరు కాడ పెన్ను ఆగింది.
అప్పటికే ఫోను మోగుతున్నది.
ఐదో అంతస్తుల నల్లా గాలి కొడ్తున్నదట.